సగంలో ఆగిన కథను పూర్తి చేయడం ఎలా?

మీ ఫోన్‌లో నోట్స్ ఒకసారి తెరవండి. కిరాణా సామాన్ల లిస్టు, గ్యాస్ బుకింగ్ నంబరు, ఎవరిదో అడ్రసు. వాటి మధ్యలో ఎక్కడో ఒక కథ మొదలై ఉంటుంది. ఒక పేజీ, మహా అయితే రెండు. చివరి వాక్యం పూర్తయి కూడా ఉండదు. అది ఎప్పుడు ఆగిందో గుర్తుండకపోవచ్చు. ఎందుకు ఆపారని అడిగితే మాత్రం చాలామంది ఒకే మాట చెప్తారు: "నాకంత సీన్ లేదనిపించింది."

నేనూ ఆ మాట చెప్పినదాన్నే. రామ్‌నగర్‌లో ఇంట్లోనే ఫాల్, పీకో వేస్తూ, జాకెట్లు కుడుతూ కూతుర్ని చదివించిన ఒకావిడ మీద కథ మొదలుపెట్టాను. కూతురికి గచ్చిబౌలిలో ఉద్యోగం వస్తుంది. మొదటి జీతం పడ్డ రోజు ఇంటికొచ్చి, "ఇంక మిషన్ తొక్కింది చాలమ్మా, అమ్మేద్దాం" అంటుంది. కథ అక్కడ ఆగింది. నాలుగేళ్లు అక్కడే ఉంది. ఆ నాలుగేళ్లూ నాకు రాయడం రాదనే అనుకున్నాను. అసలు సంగతి వేరు. కూతురు ఆ మాట అన్నాక తల్లి ఏం చేస్తుందో నాకు తెలియదు.

"నాకు రాయడం రాదు" అనుకుంటే ఇక చేయడానికి ఏమీ మిగలదు. "ఆ తల్లి ఏం చేస్తుంది?" అనుకుంటే లేచి వెళ్లి ఎవర్నైనా అడగొచ్చు. నాకు ఈ తేడా తెలియడానికి చాలా కాలం పట్టింది. కింద చెప్పేదంతా మొదటి రకం మాటను రెండో రకం మాటగా మార్చుకోవడం గురించే. నాకు తెలిసింది కథలు కాబట్టి కథల సంగతే చెప్తున్నాను. బొమ్మలు వేసేవాళ్లు, పాటలు కట్టేవాళ్లు, షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు తమ పనికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఒక నోట్‌బుక్ కొనండి

కోఠీలోనో, మీ వీధి చివర షాపులోనో దొరికే మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు. అట్ట మీద బంగారు అక్షరాలున్న డైరీ వద్దు. అలాంటిదాంట్లో కొట్టివేతలు చేయడానికి చెయ్యి రాదు, మనకు కొట్టివేతలు చాలా కావాలి.

తెరిచిన ప్రతిసారీ ఎడమ పేజీ అనుమానాలకు, కుడి పేజీ కథకు. కుడివైపు రాస్తూ ఉంటారు. మధ్యలో మనసులో ఒక మాట వినిపిస్తుంది. దాన్ని తోసేయకండి, దాంతో వాదించకండి. ఎడమవైపుకు వెళ్లి, అది ఏ మాటల్లో వినిపించిందో ఆ మాటల్లోనే రాసి, తేదీ వేసి, మళ్లీ కుడివైపుకు రండి. "ఆత్మవిశ్వాసం లోపించింది" అని రాయకండి. ఎవరి మనసూ అలా మాట్లాడదు. "ఎవడు చదువుతాడు ఇదంతా." "ఆఫీసులో తెలిస్తే నవ్వుతారు." "ఆవిడ ఇదే విషయం ఎంత బాగా రాసిందో చూడు, నువ్వెందుకు మళ్లీ." ఇలా ఉంటాయి ఆ మాటలు.

వారానికి ఒకసారి, నేనైతే ఆదివారం మధ్యాహ్నం, ఎడమ పేజీలు మాత్రమే చదవండి. ఒక్కో వాక్యం దగ్గర ఆగి చూడండి: ఈ మాట నా గురించా, కథ గురించా? నూటికి తొంభై మీ గురించే ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా కథ మీదికి మళ్లించాలి. అసలు పని ఇదే, కాబట్టి కొన్ని ఉదాహరణలు చెప్తాను.

"ఇదంతా బోరు" అని ఉందనుకోండి. ఎక్కడ బోరు? కథ మొదటి నుంచి చదవండి. మీ కళ్లు ఎక్కడ లైన్లు దాటి కిందికి జారిపోయాయో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. పెళ్లిచూపుల దగ్గర జారాయా? అయితే ఎడమ పేజీలో ఆ వాక్యం కింద రాయండి: "పెళ్లిచూపులు మొత్తం కావాలా? పిల్ల టీ ట్రే పట్టుకొచ్చేదాకా చాలదా?" ఇప్పుడు మీ చేతిలో ఒక పని ఉంది.

"నాకు సంభాషణలు రాయడం రాదు" అని ఉందనుకోండి. ఎవరి సంభాషణ? తాతది. తాత మాట, మనవడి మాట ఒకేలా ఉన్నాయి. అలాగైతే ప్రశ్న ఇది: "తాత ఏ ఊరి నుంచి వచ్చాడు? హైదరాబాద్ వచ్చి ఎన్నేళ్లయింది? కోపమొస్తే అరుస్తాడా, మాట తగ్గిస్తాడా?" వీటికి జవాబు తెలియకుండా తాత చేత మాట్లాడించడం ఎంత చేయి తిరిగినవాళ్లకైనా కష్టమే.

"ఎవడు చదువుతాడు" అన్నది కాస్త మొండిది. దీన్ని నేను ఇలా మార్చుకుంటాను: "ఈ కథ నేను ఎవరికి చెప్తున్నాను?" ఒక్క మనిషి పేరు రాయాలి. పాఠక లోకం, సమాజం లాంటివి కుదరవు. మా పెద్దమ్మ కూతురు, మా ఆఫీసులో పక్క సీటు ఆయన, అలా. ఆ మనిషికి ఏది విడమర్చి చెప్పాలో, ఏది చెప్పక్కర్లేదో మీకు వెంటనే తెలిసిపోతుంది.

ఎంత ప్రయత్నించినా మారని మాటలు కొన్ని మిగులుతాయి. "నువ్వు దేనికీ పనికిరావు" లాంటివి. వాటిని మార్చడానికి కష్టపడకండి. వాటి పక్కన, అది ఎవరి గొంతులో వినిపించిందో రాయండి. బడిలో ఒక సారు, పెళ్లిలో నలుగురి ముందు నవ్విన ఒక బంధువు, ఎప్పటిదో గొంతు ఉంటుంది. నా విషయంలో అది ఒక సభలో నా కథ విన్న పెద్దమనిషి గొంతు. "ఇందులో కథేముందమ్మా?" అన్నారు, అంతే. ఆయన గొంతని పక్కన రాసుకున్నాక ఆ మాట పోలేదు గానీ, నా సొంత అభిప్రాయం కాదని తెలిసింది. అది తెలిస్తే ఆ రోజుకు ఇంకో పేజీ రాయొచ్చు.

మొదటి ప్రతికి వేళ కట్టండి

"ఈ నెల నుంచి రోజూ రాస్తాను" అనుకుంటే జరగదు. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని అయ్యాక అన్నది కూడా చెప్పుకోవాలి. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద ఎన్నో పరిశోధనలు చేసి, 1999లో వాటి సారం రాశారు. "ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను" అని ముందే కట్టుబడినవాళ్లు, ఉత్తినే చేయాలనుకున్నవాళ్ల కన్నా ఎక్కువగా పని పూర్తి చేస్తారు. వేళ వచ్చాక చేయాలా వద్దా అని మళ్లీ ఆలోచించే అవసరం ఉండదు. అనుమానం దూరేది ఆ ఆలోచనలోనే.

నాది ఇలా ఉంటుంది: రాత్రి అన్నాలయ్యాక టేబుల్ తుడిచిన వెంటనే, అదే టేబుల్ దగ్గర ఇరవై నిమిషాలు. మీది మెట్రో కావచ్చు. మియాపూర్‌లో ఎక్కి ఎల్బీ నగర్ వైపు వెళ్లేవాళ్లకు మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది, అమీర్‌పేట రద్దీ మొదలయ్యేలోపు పది లైన్లు అవుతాయి. పిల్లల్ని ట్యూషన్‌లో దింపి బయట స్కూటీ మీద కూర్చునే అరగంట కావచ్చు. గంట కావాలని పట్టుబట్టకండి. గంట దొరికే రోజు కోసం చూసేవాళ్లు వారాలు పోగొట్టుకుంటారు.

ఆ ఇరవై నిమిషాల్లో వెనక్కి తిరిగి చదవకూడదు. నిన్నటి చివరి వాక్యం ఒక్కటి చూసుకుని, మిగతాది ఒక కాగితంతో కప్పేయండి. తెలియని చోటు వస్తే ఆగకుండా ఒక గుర్తు పెట్టి దాటేయండి. నా నోట్‌బుక్ నిండా "ఇక్కడ అత్తగారితో గొడవ, తర్వాత రాయాలి", "ఈ వీధి పేరు కనుక్కోవాలి" అని ఉంటాయి. చెప్పుకోదగ్గ వాక్యం ఒక్కటి కూడా పడని రోజులు ఉంటాయి, చాలా ఉంటాయి. ఆ రోజుల్లో రాసినది కూడా చింపకండి. రెండు నెలల తర్వాత చూస్తే, హుషారుగా రాసిన పేజీ ఏదో, ఏడుస్తూ రాసిన పేజీ ఏదో నాకే తేడా తెలియలేదు.

"నా తెలుగు బాగోదు" అనిపిస్తే

మా హైదరాబాద్‌లో ఈ అనుమానం దాదాపు అందరికీ ఉంది, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను. ఇంట్లో ఒక తెలుగు, బడిలో పుస్తకం తెలుగు లేదా అసలు తెలుగే లేని ఇంగ్లీష్ మీడియం, ఆటోలో ఉర్దూ కలిసిన మాట, ఆఫీసులో ఇంగ్లీష్. ఇంతమంది మాటల మధ్య పెరిగినవాళ్లం పెన్ను పట్టుకోగానే, "వెళ్లుచుండెను" అనకపోతే అది సాహిత్యం కాదేమో అనుకుంటాం. పరేషాన్, బేజార్, షురూ, జల్ది అనే మాటలు నోట్లోకి వచ్చినంత తేలిగ్గా కాగితం మీదికి రావు. సిగ్గు అడ్డం వస్తుంది.

ఆ సిగ్గు మనలో ఊరికే పుట్టలేదు. నిజాం కాలంలో ఈ నగరంలో రాజభాష ఉర్దూ. తెలుగు పుస్తకాల కోసం ఒక గ్రంథాలయం కావాలని 1901లో సుల్తాన్ బజార్ ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాతి కాలంలో తెలుగు పాఠం చెప్పినచోట కూడా, ఇంట్లో మాట్లాడే తెలుగును తప్పుగా చూశారు. బడి పలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరు అని తేల్చి చెప్పి, జనం పలుకుబడి వైపు నిలబడినవారు కాళోజీ నారాయణరావు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9నే ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఏటా పండగ చేసుకుంటూ, నోట్‌బుక్ దగ్గర మాత్రం మన మాటకు మనమే అడ్డుపడితే ఎలా?

చేయాల్సింది ఇది. రాయడం ఆగిన చోట పెన్ను పక్కన పెట్టి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేయండి. ఆ సన్నివేశాన్ని మీ అక్కకో, చిన్ననాటి స్నేహితుడికో చెప్తున్నట్టు చెప్పండి. "ఏమైందంటే..." అని మొదలుపెడితే చాలు, మిగతాది దానంతట అదే వస్తుంది. తర్వాత విని, ఒక్క మాట కూడా మార్చకుండా కాగితం మీద దింపండి. ఆ కాగితం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. మాటల్లో వాళ్లు ఎప్పుడూ తడబడరు, కథ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపి ఎదుటివాళ్లను ఊరించాలో నోటికి ముందే తెలుసు. దింపుకున్నదాంట్లో అర్థం కానివి, అనవసరంగా తిరిగి వచ్చినవి మాత్రమే తీసేయండి.

కథనం కూడా యాసలోనే ఉండాలా, మాటలు మాత్రమే యాసలో ఉండాలా అన్నది మీ ఇష్టం. రెండు పద్ధతుల్లోనూ మంచి కథలు ఉన్నాయి. నా పట్టుదల ఒక్కటే: మీది కాని యాసను అలంకారం కోసం తగిలించకండి. కూకట్‌పల్లిలో స్థిరపడ్డ గోదావరి జిల్లా కుటుంబం గురించి రాస్తే వాళ్లు వాళ్లలాగే మాట్లాడాలి. పాతబస్తీలో పుట్టినవాళ్లు వాళ్లలాగే. చెవికి తెలియని చోట ఊహించి రాసే బదులు వెళ్లి వినండి.

ఇక అక్షర దోషాలు. శ, ష, స దగ్గర, ల, ళ దగ్గర, ఒత్తుల దగ్గర తడబడితే దానికి మందు ఉంది. ఆంధ్రభారతి నిఘంటువు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. అన్నీ రాశాక చివర్లో తెలుగు బాగా తెలిసిన ఒకరి చేత దిద్దించుకోవచ్చు. ఒత్తు తెలియకపోవడం కథ తెలియకపోవడం కాదు, ఈ రెండింటినీ కలిపేసుకుని ఎందరో రాయడం మానేశారు. అది తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

తెలియనిది తెలుసుకోవడానికి గడప దాటండి

మిషన్ కథకు వస్తాను. "తల్లి ఏం చేస్తుంది?" అని ఎడమ పేజీలో రాసుకున్న వారానికి, మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గరికి వెళ్లాను. కొత్త చీరకు ఫాల్ వేయించే వంకతో వెళ్లి, ఆది జాకెట్టు ఇచ్చి, అక్కడే కూర్చున్నాను. నేనొక కథ రాస్తున్నానని, ఇలా ఒక చోట ఆగిపోయిందని దాచకుండా చెప్పాను. మీరైతే ఏం చేస్తారని అడిగాను. ఆవిడ బాబిన్‌కు దారం చుడుతూ, తల ఎత్తకుండా అన్నది: "ఒప్పుకున్న జాకెట్లు కుట్టియ్యకుంట మిషినెట్ల అమ్ముత?"

నాలుగేళ్లుగా నేను ఆ తల్లి ఏడుస్తుందా, కోప్పడుతుందా, పాత రోజులు తలచుకుంటుందా అని మథనపడ్డాను. ఆవిడకు ముందు గుర్తొచ్చింది, గోడకు వేలాడుతున్న సంచుల్లో జనం ఇచ్చి వెళ్లిన బట్టలు. ఆ రాత్రి కథలో తల్లి లేచి సంచులు దింపి లెక్కపెట్టింది. పదకొండు జాకెట్లు, రెండు లంగాలు. అవి పూర్తయ్యేదాకా మిషన్ అమ్మకం వాయిదా. ఆ తర్వాత కథ నన్ను ఎక్కడా ఆపలేదు.

అరగంట కూర్చుంటే తేలే సంగతి అది. కాబట్టి ఎడమ పేజీలో మిగిలిన ప్రశ్నల్లో, ఇంట్లో కూర్చుంటే తేలనివి వేరుగా ఒక చీటీ మీద రాసుకోండి. పూల మార్కెట్ తెల్లవారుజామున ఎలా ఉంటుందో తెలియకపోతే గుడిమల్కాపూర్ వెళ్లండి. పోటీ పరీక్షలకు చదివే కుర్రాడి గురించి రాస్తుంటే చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర ఒక పూట గడపండి. వాళ్లు అన్నం ఎక్కడ తింటారు, పుస్తకాల మీద తల పెట్టి ఎంతసేపు నిద్రపోతారు, సీటు కోసం ఎప్పుడొస్తారు, ఇవన్నీ అక్కడ కనిపిస్తాయి. ఎవరినైనా అడిగేటప్పుడు ఎందుకు అడుగుతున్నారో చెప్పండి. వాళ్ల పేరు, ఇల్లు గుర్తుపట్టేలా రాయకండి.

ఇంకో ప్రయాణం ఆదివారం అబిడ్స్‌కు. షాపులు మూసి ఉన్న పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. తెలుగు వారపత్రికల పాత సంచికలు కనిపిస్తే ఒకటి రెండు కొనండి. అందరూ మంచి కథలు చదవమని చెప్తారు, అవి చదవాలి కూడా. కానీ అనుమానంతో ఆగిపోయినవాళ్లకు మామూలు కథలు ఎక్కువ పనికొస్తాయని నా అనుభవం. ఎవరికీ గుర్తులేని ఒక సాధారణ కథ తీసుకుని పెన్సిల్‌తో చదవండి. ఎక్కడ తడబడింది, ఎక్కడ తొందరపడింది, అయినా ఏ వాక్యం బాగుంది. గొప్ప కథలో అతుకు కనపడదు, అందుకే అది మనల్ని బెదరగొడుతుంది. సాధారణ కథలో అతుకులు కనపడతాయి, అక్కడ కుట్టు ఎలా వేశారో నేర్చుకోవచ్చు.

మొదటి పాఠకుణ్ణి ఎంచుకోవడం

కథ పూర్తయింది. ఇప్పుడు వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. చేతులు జోడించిన బొమ్మలు పది వస్తాయి, మీకు ఏమీ తెలియదు.

ఒక్కరు చాలు. ఆ ఒక్కరు సాహిత్యం తెలిసినవారు కానక్కర్లేదు. ఏదైనా చెప్తుంటే మధ్యలో "ఆగాగు, ఆయనెవరు?" అని అడిగే అలవాటున్న మనిషి కావాలి. ఇంట్లోవాళ్లయితే మీ మనసు నొప్పించకూడదని చూస్తారు, లేకపోతే కథలో తమను వెతుక్కుంటారు. వాళ్లకు రెండో విడతలో ఇవ్వండి.

"ఎలా ఉంది?" అని మాత్రం అడగకండి. మన మర్యాద ప్రకారం దానికి ఒకటే జవాబు: "బాగుంది." ఆ మాట విన్న పది నిమిషాలకే "ఊరికే అన్నారేమో" అని కొత్త అనుమానం మొదలవుతుంది. వీలైతే ఇద్దరూ ఏదైనా ఇరానీ హోటల్లో కూర్చుని, చాయ్ చెప్పి, ఈ మూడు అడగండి. చదువుతూ ఎక్కడ ఫోన్ చూడాలనిపించింది? సగం దగ్గర, తర్వాత ఏం జరుగుతుందనుకున్నారు? పూర్తయ్యాక ఎవరి మాట గుర్తుంది? వాళ్లు చెప్తుంటే రాసుకోండి, సమర్థించుకోకండి. మీరు వివరించడం మొదలుపెడితే వాళ్లు చెప్పడం ఆపేస్తారు.

నలుగురి ముందు చదవాలనుకుంటే ఈ నగరంలో చోట్లకు లోటు లేదు. బంజారాహిల్స్‌లో లామకాన్‌లో ఓపెన్ మైక్‌లు జరుగుతాయి, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సాహిత్య సభలు జరుగుతాయి. ముందు రెండుసార్లు ఊరికే వెళ్లి వినండి. చదివే రోజు గుండె దడదడలాడితే, "టెన్షన్ పడకు, టెన్షన్ పడకు" అని చెప్పుకుంటే తగ్గదు. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు పాట పాడబోయేవాళ్లతో, ప్రసంగించబోయేవాళ్లతో ప్రయోగాలు చేసి 2014లో ప్రచురించారు. కుదురుగా ఉన్నామని చెప్పుకున్నవాళ్ల కన్నా, "నాకు హుషారుగా ఉంది" అని పైకి అన్నవాళ్లు బాగా మాట్లాడారు. దడ దడగానే ఉంటుంది, దాని పేరు మార్చుకుంటే చాలు. నేను మెట్లెక్కేటప్పుడు ఇప్పటికీ ఆ మాట పైకే అనుకుంటాను.

ఎవరైనా కొట్టినట్టు మాట్లాడితే

మాట్లాడతారు. నన్ను "ఇందులో కథేముంది" అన్నప్పుడు ఎనిమిది నెలలు పెన్ను ముట్టలేదు. ఆ ఎనిమిది నెలల్లో నాకు ఎవరైనా సురవరం ప్రతాపరెడ్డి గారి సంగతి గుర్తుచేసి ఉంటే బాగుండేది. తెలంగాణలో కవులు లేరన్నట్టు ఒకాయన రాసిన మాటకు జవాబుగా, ప్రతాపరెడ్డి గారు ఊరూరా కవుల వివరాలు, పద్యాలు సేకరించారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వచ్చింది. కోపం రాలేదని నేననుకోను. ఆ కోపాన్ని ఆయన ఉత్తరాలు రాయడానికి, పద్యాలు పోగుచేయడానికి వాడారు.

మీరు చేయాల్సింది అంతకన్నా చాలా చిన్నది. విమర్శ విన్న రోజు కథ ముట్టుకోకండి. మర్నాడు ఆ మాటను ఎడమ పేజీలో రాసి, పైన చెప్పినట్టే మార్చండి. "ఇందులో కథేముంది" అన్నమాటను ఎనిమిది నెలల తర్వాత నేనిలా మార్చాను: "మొదటి పేజీకీ చివరి పేజీకీ మధ్య ఎవరికి ఏం మారింది?" నిజంగానే ఏమీ మారలేదు. ఆయన చెప్పిన తీరు బాగాలేదు, చెప్పింది నిజం. తీరును పక్కన పెట్టి నిజాన్ని తీసుకోవడం ఇప్పుడు నాకు రెండు రోజుల్లో అవుతోంది.

కొన్ని అనుమానాలను మాత్రం వినాలి

అన్ని అనుమానాలూ అడ్డంకులు కావు. "ఇది చదివితే అత్తయ్య బాధపడుతుందేమో" అన్నది ఎడమ పేజీలో కనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. బతికున్న మనిషి జీవితంలోంచి తీసుకున్నప్పుడు, అచ్చుకు పంపే ముందు ఆ మనిషికి చదివి వినిపించడం నా నియమం. ఒకసారి అలా వినిపించినప్పుడు, "ఆ నగల సంగతి తీసెయ్యి, మిగతాది ఉంచు" అన్నారు. తీసేశాను. కథకు నష్టమేమీ జరగలేదు. మనకు తెలియని కులం, మతం, వృత్తి గురించి రాస్తున్నప్పుడు కలిగే జంకు కూడా ఇలాంటిదే. అది ఆగిపొమ్మని అనదు, ఇంకా తెలుసుకోమంటుంది.

ఇంకొకటి. రాయడం ఒక్కటే కాదు, తినడం, నిద్ర, మనుషులతో మాట్లాడటం, దేనిమీదా మనసు లేకుండా వారాలు గడుస్తుంటే అది నోట్‌బుక్‌తో తేలేది కాదు. డాక్టర్‌ను కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు. అది తగ్గాక కథ సంగతి చూడొచ్చు.

పంపించేయండి

మూడుసార్లు దిద్దాక నాలుగోసారి దిద్దబోయే ముందు, ఎడమ పేజీలో జవాబు దొరకని ప్రశ్న ఏదైనా ఉందా చూడండి. ఉంటే దిద్దండి. లేకుండా ఊరికే మాటలు అటూ ఇటూ మారుస్తుంటే, అది పంపడానికి భయం. ఆ రోజే పంపేయాలి.

నోట్‌బుక్ చివరి పేజీలో ఒక పట్టిక గీయండి: కథ పేరు, ఎక్కడికి పంపాను, ఏ తేదీన, ఏమైంది. ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి, చాలా పత్రికలు ఒప్పుకోవు. తిరిగొస్తే తర్వాత ఎక్కడికి పంపాలో ముందే పట్టికలో రాసి ఉంచండి. తిరిగొచ్చిన సాయంత్రం ఆ నిర్ణయం తీసుకునే స్థితిలో ఉండరు. నా మిషన్ కథ రెండుసార్లు తిరిగొచ్చింది, మూడోచోట వేసుకున్నారు.

అచ్చయితే అనుమానం పోతుందని నేను చెప్పలేను. 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు, "నాకింత అర్హత లేదు, ఎప్పుడో బయటపడిపోతాను" అనే భావనకు ఇంపోస్టర్ ఫినామినన్ అని పేరు పెట్టారు. వాళ్లు మాట్లాడింది ఓడిపోయినవాళ్లతో కాదు, పెద్ద చదువులు చదివి తమ రంగంలో పేరు తెచ్చుకున్న మహిళలతో. పత్రికలో నా పేరు చూసుకున్న రోజు రాత్రి నాకూ అదే అనిపించింది: పొరపాటున వేసుకున్నారేమో. మర్నాడు అది కూడా ఎడమ పేజీలో రాశాను. డిసెంబర్‌లో బుక్ ఫెయిర్‌కు వెళ్లి ఎన్టీఆర్ స్టేడియం నిండా పుస్తకాలు చూసినప్పుడూ వస్తుంది, ఇన్ని ఉండగా నాదెందుకని. అప్పుడు చీటీ తీసి, ప్రస్తుతం రాస్తున్న కథలో తేలని ప్రశ్న ఏమిటో చూసుకుంటాను. ఆ ప్రశ్నకు జవాబు ఆ స్టాళ్లలో ఏ పుస్తకంలోనూ ఉండదు, ఎందుకంటే ఆ కథ ఇంకా ఎవరూ రాయలేదు.

ఇప్పుడు కొత్త నోట్‌బుక్ నడుస్తోంది. రిటైరైన ఒక బస్ కండక్టర్ కథ. నిన్న ఎడమ పేజీలో పడ్డ వాక్యం: "ఒక్క కథతో నీ సరుకు అయిపోయింది." దాని కింద ఈ ఉదయం రాసుకున్నది: "చివరి ట్రిప్పు అయ్యాక టికెట్ల లెక్క అప్పజెప్పి, డిపో గేటు దాటి ఆయన ఎటు నడిచాడు?" శనివారం మెహిదీపట్నం బస్ డిపోకు వెళ్తున్నాను.